ఆ మచ్చలు తుడవొద్దన్నాను

కిందటేడు కెమెరా పక్కన పెట్టేశాను. మెడ నరాలు పట్టేస్తున్నాయి, బరువులు మొయ్యొద్దని డాక్టరు చెప్పాడు. అప్పటినుంచి తాడేపల్లిగూడెంలో మా ఇంటికి ఈ పనిలో కొత్తగా చేరిన పిల్లలు వస్తూ ఉంటారు. ఏ లెన్సు కొనాలి, ఏ లైటు మంచిది, పని ఒప్పుకునేటప్పుడు ఎలా మాట్లాడాలి అని అడుగుతారు. తెలిసింది చెబుతాను. అడగాల్సిన ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. ఎదుటి మనిషి మొహాన్ని ఎంతవరకు మార్చొచ్చు అని. అది వాళ్ళకి ప్రశ్నలాగే తోచదు. వేలితో ఇలా అంటే అలా మారిపోతుంది కదా.

అందుకని రాస్తున్నాను. కోపంగానే రాస్తున్నాను. చల్లారాక రాద్దామని ఇన్నాళ్ళూ ఆగాను. చల్లారలేదు.

నేను తీసినవన్నీ చిన్న వ్యాపారస్థుల ఫొటోలు. చీరల షాపావిడ, చేపల మేత డీలరు, మోటార్లు చుట్టే మేస్త్రీ, ట్యూషన్ మాస్టారు. బోర్డు మీదా, విజిటింగ్ కార్డు మీదా, ఇప్పుడైతే ఫోన్లో పేజీ మీదా వేసుకోవడానికి. మేం ఓనరుగారి ఫొటో అనేవాళ్ళం. ఇప్పటివాళ్ళు పర్సనల్ బ్రాండింగ్ అంటున్నారు. పేరు ఏదైనా పెట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు. ఆ పేరు చాటున జరుగుతున్నదాని గురించే నా గొడవ.

నేర్చుకున్న చోటు

పని నేర్చుకున్నది ఏలూరులో, రాజారావుగారి స్టూడియోలో. ఆడవాళ్ళ ఫొటోలు తియ్యడానికి ఆడమనిషి ఉంటే బాగుంటుందని నన్ను పెట్టుకున్నారాయన. లైటు విషయంలో ఆయనంతటివాణ్ణి మళ్ళీ చూడలేదు. కిటికీ పక్కన తెల్లగుడ్డ ఒకటి కట్టి, మనిషి మొహంలో ఉన్న కళంతా బయటికి రప్పించేవారు. వచ్చినవాళ్ళని వెంటనే కెమెరా ముందు నిలబెట్టేవారు కాదు. ముందు కూర్చోబెట్టి, ఏ ఊరండీ, ఊడ్పులయ్యాయా అండీ అని కబుర్లలో పెట్టి, స్టూడియోలో ఉన్నామన్న సంగతి వాళ్ళు మర్చిపోయాక అప్పుడు లేచేవారు. ఈ రెండూ ఆయన పెట్టిన భిక్ష.

మూడోది మాత్రం నేను తీసుకోలేదు. ప్రింటు వేసేటప్పుడు ప్రతి మొహాన్నీ తెల్లగా చేసి పంపేవారు. కొల్లేటి ఎండలో నావ నడిపి నల్లబడ్డ మనిషి వచ్చినా, ఫొటోలో నీడపట్టున కూర్చుని వడ్డీలు వసూలు చేసుకునేవాడిలా తేలేవాడు. ఇదేంటండీ అని అడిగితే ఆయనకి కోపం కూడా వచ్చేది కాదు. "నాకు ఏ రంగైనా ఒకటేనమ్మా. జనం ఊరుకోరు" అనేవారు.

ఆ జనం ఎవరో చూద్దామని అక్కడున్నన్నాళ్ళూ చూశాను. నా ఫొటో ఇంకా తెల్లగా రాలేదేమని పోట్లాడ్డానికి వచ్చినవాళ్ళు ఒక్కళ్ళూ లేరు. ఒక్కటంటే ఒక్కటి ఉన్నదున్నట్టు ఇచ్చి చూద్దామండీ అంటే ఆయన ఒప్పుకోలేదు. చివరికి తాడేపల్లిగూడెం వచ్చేసి నా స్టూడియో నేను పెట్టుకున్నాను.

తెర వెనక మనిషి

కామేశ్వరశాస్త్రిగారిని నాకు పరిచయం చేసింది ఆయన కూతురు గాయత్రి. ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. వాళ్ళది పౌరోహిత్యం చేసే కుటుంబం. శాస్త్రిగారు కూడా కుర్రతనంలో పెళ్ళిళ్ళూ వ్రతాలూ చేయించినవారే. అలా ఉండగా పెదవి పక్కన ఒక తెల్లమచ్చ వచ్చింది. తర్వాత వేళ్ళ మీద, ఆ తర్వాత మోచేతుల దాకా. బొల్లి. అంటుకునేది కాదు, నొప్పి లేదు. చర్మానికి రంగు పోతుంది, అంతే. అయినా శుభకార్యాలకి పిలుపులు తగ్గిపోయాయి.

ఎవరూ ఒక్క కటువైన మాట అనలేదట. ఈసారి మా మేనమామగారు వాళ్ళ పురోహితుణ్ణి తీసుకొస్తానన్నారండీ అని ఒకరు. చిన్న కార్యమే కదండీ, మిమ్మల్ని శ్రమపెట్టడం ఎందుకని అని ఇంకొకరు. మన వైపు మర్యాదకి లోటేముంది. మనిషిని గుమ్మంలోంచి వెనక్కి పంపేటప్పుడు కూడా అండీ అనే పంపుతాం.

అలా మంత్రం మానేసి గరిట పట్టుకున్నారు శాస్త్రిగారు. పెళ్ళివంటలు. ఆర్డరు కాంట్రాక్టరు పేరు మీద ఉంటుంది, వంట ఈయనది. గాడిపొయ్యి చుట్టూ తెర కట్టేస్తారు కాబట్టి పెళ్ళివారి కంట పడే పని లేదు. ఆయన పూర్ణం బూరెలు తిన్నవాళ్ళు భీమడోలు నుంచి జంగారెడ్డిగూడెం దాకా ఉన్నారు. ఫలానా కాంట్రాక్టరుగారి బూరెలు అని చెప్పుకుంటారు. ఆయన పేరు ఒక్కళ్ళకీ తెలీదు.

గాయత్రికి అది కడుపుమంట. మన పేరుతోనే మొదలుపెడదాం నాన్నా అని పోరి పోరి ఒప్పించింది. చిన్న వ్యానొకటి కొన్నారు. దాని మీదా, కార్డు మీదా, పేజీ మీదా వెయ్యడానికి నాన్నగారి ఫొటో కావాలి ఆంటీ అని నా దగ్గరికి వచ్చింది.

వాళ్ళింటికి వెళ్ళాను. శాస్త్రిగారు ఉతికిన పంచె కట్టుకుని, కండువా కప్పుకుని, పెరట్లో కుర్చీలో కూర్చున్నారు. చేతులు రెండూ కండువా కింద దాచుకున్నారు. నేను రాజారావుగారి పద్ధతిలోనే ఊళ్ళ కబుర్లు మొదలుపెట్టాను. అన్నిటికీ నిదానంగా జవాబు చెప్పారు కానీ చేతులు బయటికి రాలేదు. ఇలా లాభం లేదని, నాలుగు బూరెలు వెయ్యండి, తింటూ మాట్లాడుకుందాం అన్నాను.

పొయ్యి ముందు కూర్చునేసరికి మనిషి మారిపోయారు. కండువా తీసి నడుముకి బిగించారు. పూర్ణం ఉండని పిండిలో ముంచి నూనెలోకి జారవిడుస్తూ, వాళ్ళ నాన్నగారు ఏ పెళ్ళిలో ఎన్ని బూరెలు తిన్నదీ చెప్పి నవ్వారు. అప్పుడు తీశాను. పెదవి పక్క మచ్చ నవ్వుతోపాటు సాగింది. తెలుపూ గోధుమరంగూ కలిసిన చెయ్యి నూనె బాణలి మీద వాలి ఉంది. ఆ చేతిలో ఎంత నేర్పుందో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. నా ఫొటోల్లో మంచివి ఏరమంటే దాన్ని తప్పకుండా ఏరతాను.

చూపిస్తే చాలాసేపు చూశారు. చేతులు కూడా పడ్డాయే అన్నారు. వంట చేసేది అవే కదండీ అన్నాను. గాయత్రి వైపు చూసి, నీ ఇష్టం తల్లీ అన్నారు.

డిస్టర్బింగ్ ఎలిమెంట్

కార్డులూ బోర్డూ డిజైను చెయ్యడానికి ఏలూరులో వంశీ అనే అబ్బాయికి ఇచ్చింది గాయత్రి. చిన్న ఆఫీసు, ఇద్దరు కుర్రాళ్ళు. ఈ బ్రాండింగ్ పనులన్నీ చేసిపెడతాడు. మహా మర్యాదస్థుడు.

కొన్నాళ్ళకి నేను స్టేషన్ వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన శాస్త్రిగారి వ్యాను ఆగి ఉంది. దాని మీద నా ఫొటో. నా ఫొటోయే, నేను తీసిన నవ్వే, కానీ అందులో మనిషి ఎవరో నాకు వెంటనే తెలియలేదు. మొహమంతా ఒకే రంగు. చేతులకి మైనం పూసినట్టుంది. మచ్చలతోపాటు ముడతలూ పోయాయి, వేళ్ళ మీద పాత కాలిన గుర్తులు కూడా పోయాయి. జన్మలో పొయ్యి దగ్గరికి వెళ్ళని మనిషి ఎవరో బాణలి ముందు కూర్చున్నాడు.

మర్నాడే బస్సెక్కి ఏలూరు వెళ్ళాను. వంశీ లేచి నిలబడి, కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి అప్పుడు చెప్పాడు.

"ఫుడ్ బిజినెస్ కదా మేడం. అది డిస్టర్బింగ్ ఎలిమెంట్ అవుతుందండీ. పర్సనల్‌గా నాకు ఏ ప్రాబ్లమూ లేదండీ. కస్టమర్స్ ఫీలవుతారు."

రాజారావుగారి జనం మళ్ళీ ప్రత్యక్షమయ్యారు. ఈసారి కస్టమర్స్ అని పేరు మార్చుకున్నారు. నేను గట్టిగానే మాట్లాడాను. ఒక మనిషి చర్మాన్ని ఎలిమెంట్ అనడానికి నీకు నోరెలా వచ్చిందన్నాను. రేపు ఈ బొమ్మని చూసి పిలిచినవాళ్ళింటికి వెళ్ళాల్సింది ఆయనే కానీ నీ కంప్యూటరు కాదు కదా అన్నాను. అంతా విని, క్లయింట్ అప్రూవ్ చేశారండీ అన్నాడు. నమ్మలేదు. తిన్నగా శాస్త్రిగారింటికి వెళ్ళాను.

ఆయన జేబులోంచి కార్డు తీసి నాకు చూపించారు. కళ్ళలో ఒక మెరుపు ఉంది. "ఇవి రాకపోయుంటే ఇలా ఉండేవాణ్ణి కదమ్మా" అన్నారు.

 ఆయన మీద నాకేం కోపం? మనిషి తన ఒంటిని తానే వద్దనుకునేటట్టు చేసి, ఆ వద్దనుకోవడాన్నే అప్రూవల్ అని రాసుకునే వ్యాపారం మీద నా కోపం. పిలిచినవాళ్ళు ఈ కార్డులో ఉన్నాయన కోసం చూస్తారండీ, వెళ్ళేది మీరు అని మాత్రం చెప్పాను. ముద్ద నోట్లో పెట్టుకున్నాక మొహం ఎవరు చూస్తారమ్మా అన్నారాయన.

గుండుగొలను

సొంత పేరు మీద వచ్చిన మొదటి పెద్ద ఆర్డరు గుండుగొలను నుంచి. వెంకటరత్నంగారని వరి రైతు, ఉన్న కుటుంబం. కూతురి నిశ్చితార్థం. పేజీ చూసి ఫోన్లోనే మాట్లాడుకున్నారు. వంట చేస్తున్నప్పటి ఫొటోలు కొన్ని కావాలి ఆంటీ అని గాయత్రి అడిగితే, ఆ తండ్రీకూతుళ్ళతో, వంటకి సాయం వచ్చే కుర్రాళ్ళతో నేనూ వ్యానులోనే వెళ్ళాను.

ఇంటి వెనక ట్రాక్టరు షెడ్డు పక్కన గాడిపొయ్యి తవ్వి, తెర కట్టి ఉంచారు. మామూలుగా అయితే శాస్త్రిగారు నేరుగా ఆ తెర వెనక్కి వెళ్ళిపోయేవారు. ఆ రోజు వెళ్ళలేదు. ఇది తన పేరు మీద ఒప్పుకున్న పని కదా. కండువా సర్దుకుని, ఇంటివారిని పలకరించడానికి ముందు వసారాలోకి వెళ్ళారు. అక్కడ వెంకటరత్నంగారి అక్కగారు నిలబడి ఉన్నారు. ఆవిడ ఈయన చేతులు చూశారు, వాకిట్లో వ్యాను మీది బొమ్మ చూశారు, లోపలికి వెళ్ళిపోయారు. పొయ్యి వెలిగించేలోపు వెంకటరత్నంగారు మా దగ్గరికి వచ్చారు.

"శాస్త్రిగారూ, మీరు వేరేగా అనుకోకండి. మాకేం పట్టింపు లేదండీ. మగపెళ్ళివారు వస్తున్నారు, వాళ్ళేమనుకుంటారో అని. మీరలా కుర్చీలో కూర్చుని చెప్పండి, మీవాళ్ళు చేస్తారు." వెళ్ళబోతూ ఆగి ఇంకోమాట కూడా అన్నారు. "ఫొటోలో వేరేగా చూపించి వచ్చారండీ. అది మాత్రం బాగాలేదు."

దాచింది ఆయన కాదండీ అన్నాను. ఇది అంటుకునే జబ్బు కాదండీ అన్నాను. తెలుసండీ అన్నారు. పోనీ ఏ డాక్టర్నైనా అడగండి అన్నాను. మాకు తెలుసండీ, మేమూ చదువుకున్నవాళ్ళమే అన్నారు. తెలియనివాడికైతే చెప్పొచ్చు. తెలిసినవాడికి ఏం చెప్పాలో నాకు ఇప్పటికీ తెలీదు.

శాస్త్రిగారు చేతులు కడుక్కుని, షెడ్డు నీడన కుర్చీలో కూర్చున్నారు. కూర్చున్నచోటునుంచే ఉప్పు చెప్పారు, మంట చెప్పారు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే కాబట్టి దప్పళం, పనసపొట్టు కూర అన్నీ కుదిరాయి. బూరెలు వేస్తున్నంతసేపూ మాత్రం ఆయన అటు చూడలేదు. నేను కెమెరా సంచిలోంచి తియ్యలేదు.

మగపెళ్ళివారు వచ్చారు, తిన్నారు, బూరెలు మళ్ళీ వడ్డించుకున్నారు. పెళ్ళికొడుకు తాతగారు చెయ్యి కడుక్కోవడానికి వెనక్కి వచ్చి, శాస్త్రిగారిని చూసి, వంట మీదేనా అండీ అని అడిగారు. మావాళ్ళదండీ అన్నారీయన. పెద్దాయన పక్కనే ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుని, చేపల చెరువుల వల్ల పల్లపు పొలాలు ఎలా పాడైపోతున్నాయో చెప్పుకుని, వెళ్ళేటప్పుడు ఈయన చెయ్యి పట్టుకుని వస్తానండీ అని చెప్పి మరీ వెళ్ళారు. ఏమనుకుంటారో అని ఎవరికి భయపడి ఈ మనిషిని పొద్దున్నుంచి కూర్చోబెట్టారో, వాళ్ళు వీళ్ళే. వెంకటరత్నంగారు వసారాలోంచి అంతా చూశారు. 

 తిరుగు దారిలో వ్యాను భీమడోలు దాటాక శాస్త్రిగారు నెమ్మదిగా అన్నారు. "పౌరోహిత్యానికి పిలవడం మానేసినప్పుడు నాకు జబ్బుందనుకున్నారమ్మా. మోసం చేశానని ఎవరూ అనుకోలేదు. ఆ మాట ఇవాళ పడ్డాను."

గాయత్రి కిటికీలోంచి పొలాల వైపు చూస్తూ కూర్చుంది. గూడెం వచ్చేదాకా ఇటు తిరగలేదు.

ఆ వారంలోనే వెంకటరత్నంగారు ఫోన్ చేశారు. వంట అద్భుతమట. మగపెళ్ళివారు మరీ మరీ చెప్పారట. పెళ్ళి కూడా మీకే ఇస్తున్నాం, మీవాళ్ళని పంపిస్తే చాలు, మీరు శ్రమపడకండి అన్నారట. శాస్త్రిగారు గాయత్రి చేతిలోంచి ఫోన్ తీసుకున్నారు. "వంట నాదండి. నేను రాకుండా అది రాదండి" అని చెప్పి పెట్టేశారు. ఎప్పుడూ ఎవరికీ ఎదురు చెప్పని మనిషి అలా అనేసరికి తనకి ముందు భయమేసిందనీ, తర్వాత ఏడుపొచ్చిందనీ గాయత్రి నాకు చెప్పింది. ఆ మర్నాడు వ్యాను మీది బొమ్మ పీకించి, నేను తీసిన ఫొటో ఉన్నదున్నట్టు అంటించారు.

ముందు, తర్వాత

దాంతో కథ సుఖాంతమైందని రాయడం నాకు చేతకాదు. ఆర్డర్లు పడిపోయాయి. ఇన్నాళ్ళూ తెర వెనక పని ఇచ్చిన కాంట్రాక్టర్లు కూడా మొహం చాటేశారు. ఇప్పుడు ఊళ్ళో అందరికీ మీ మొహం తెలిసిపోయింది కదండీ అన్నారు. గాయత్రికి స్కూల్లో ఇచ్చే జీతం చాలదు, ఇంటికి ఆయన సంపాదనే ఆధారం అప్పుడు. గాయత్రి సాయంత్రాలు ట్యూషన్లు మొదలుపెట్టింది. చూశారా మేడం, నేను చెప్పలేదా అని వంశీ ఫోన్లో నిజంగా బాధపడుతూనే అన్నాడు.

పిలిచినవాళ్ళూ లేకపోలేదు. భీమడోలులో ఒక రిటైర్డు టీచరుగారు షష్టిపూర్తికి పిలిచారు. వచ్చేది ఫొటోలో ఉన్న మీరేనా, ఇంకెవరినైనా పంపుతారా అన్నదొక్కటే ఆవిడ అనుమానం. ఇంతకుముందు పిలిచిన వంటాయన తాను రాకుండా ఎవరినో పంపి పాడుచేశాడట. నేనేనమ్మా అన్నారు శాస్త్రిగారు. ఆ ఇంటినుంచి ఇంకో ఇల్లు, అక్కడినుంచి ఇంకోటి. ఇప్పుడు ఇల్లు గడుస్తోంది. ఆయన బూరెలకి రావలసిన పేరులో పావు వంతు కూడా రాలేదు. అది ఆయన తప్పు కాదు.

అంతా సర్దుకుంటోందనుకుంటుండగా, మా ఇంటికి వచ్చే పిల్లల్లో ఒకమ్మాయి ఫోన్లో వంశీ ఆఫీసు పేజీ చూపించింది. పనితనం ఎంత గొప్పదో చెప్పుకోవడానికి రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టాడు. ఎడమవైపు నేను తీసింది, పైన 'ముందు' అని. కుడివైపు తుడిచేసింది, పైన 'తర్వాత' అని. కింద మెచ్చుకోళ్ళు. అదిరింది బ్రో, ఎంత క్లీన్‌గా చేశారు అని. ఆ అమ్మాయి కూడా మెచ్చుకోవడానికే చూపించింది పాపం. నా మొహం చూసి ఫోన్ దాచేసుకుంది.

శాస్త్రిగారికి తెలియనివ్వకుండా నేనే వెళ్ళి తీయించేద్దామనుకున్నాను. అప్పటికే ఆయన చూశారు. నేనూ వస్తానమ్మా అన్నారు. ఇద్దరం బస్సులో ఏలూరు వెళ్ళాం. దారి పొడుగునా నేను వంశీని ఏమేం అనాలో కూడబలుక్కుంటున్నాను. ఆయన కండువా భుజం మీద వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

మమ్మల్ని చూడగానే వంశీకి విషయం అర్థమైపోయింది. సారీ సర్, ఇప్పుడే రెండూ డిలీట్ చేసేస్తానండీ అని మౌసు పట్టుకున్నాడు. శాస్త్రిగారు వద్దన్నట్టు చెయ్యెత్తారు.

"రెండూ తీసెయ్యొద్దు నాయనా. ఆ రెండో ఆయన్ని తీసెయ్యి. మొదటాయన నేనే. ఉండనీ."

వంశీకి అర్థం కాలేదు. మళ్ళీ అడిగి అదే మాట విన్నాడు. స్క్రీను వైపు చూశాడు, శాస్త్రిగారి వైపు చూశాడు. ఎగతాళి లేదు, పొగరు లేదు. చాలా మర్యాదగా, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

"రెండోది లేకుండా మొదటిది ఒక్కటే పెడితే మాకేం వస్తుంది సర్?"

శాస్త్రిగారు కండువా సర్దుకుని గుమ్మం వైపు తిరిగారు. ఏలూరు దాకా కూడబలుక్కుంటూ వచ్చిన నా తిట్లన్నీ ఆ ప్రశ్న ముందు పనికిరాకుండా పోయాయి. వంశీ రెండూ తీసేశాడు. మేం బస్టాండుకి నడిచి వచ్చేశాం.

ఆ కుర్రాడు దుర్మార్గుడైతే నేను ఎప్పుడో మర్చిపోయేదాన్ని. కాడు. అదే నన్ను నిలవనివ్వడం లేదు. కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలకి చెబుతున్నాను. ఒక మనిషిని ఉన్నది ఉన్నట్టు నలుగురి ముందూ నిలబెడితే నాకేం వస్తుందని మీకు కూడా అనిపిస్తే, వేరే పని చూసుకోండి. మన జిల్లాలో పనులకి కొదవలేదు.